పంతొమ్మిదో కన్నం

గోడకు కన్నం వేయడం దొంగల పని అని లోకం అనుకుంటుంది. పాలక్క బృందానికి మాత్రం పట్టపగలు, నెత్తిన టోపీ పెట్టి, పిలిచి మరీ ఆ పని అప్పజెబుతారు. ఈసారి వేయాల్సినవి అరవై నాలుగు. గోడ రెండంతస్తుల ఎత్తు, నలభై ఏళ్ల నాటి రాతి కట్టడం. దాని నెత్తిన బస్సులు తిరిగే రోడ్డు. దాని కాళ్ల దగ్గర, పదడుగుల సందు వదిలి, వరసగా ఆరు ఇళ్లు. రోడ్డు కింది మట్టినంతా ఇన్నాళ్లూ ఒంటిచేత్తో ఆపుకుంటూ వచ్చి ఆ గోడ అలిసిపోయింది. నడుం దగ్గర బొజ్జ వచ్చింది, బొజ్జ మీద వేలు దూరేంత పగుళ్లు వచ్చాయి.

పడగొట్టి కొత్తది కట్టాలంటే రోడ్డు మూయాలి, ఆరు ఇళ్లూ లేపాలి. అందుకని ఉన్న గోడకే మేకులు వేస్తున్నారు. సుత్తితో కొట్టే మేకులు కావివి. గోడలోంచి వెనక మట్టిలోకి ఎనిమిది మీటర్ల దాకా, కాస్త కిందికి వాలుగా కన్నం తొలుస్తారు. అందులో బొటనవేలంత లావు ఇనుప కడ్డీ దూర్చి, చుట్టూ సిమెంటు పాలు నింపుతారు. పాలు గట్టిపడ్డాక బయట పలక పెట్టి నట్టు బిగిస్తారు. అలాంటివి అరవై నాలుగూ పడితే గోడా, వెనక మట్టీ ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఇంకో నలభై ఏళ్లు నిలబడతాయి.

ఆ సిమెంటు పాలు కలిపి పంపుతో కన్నంలోకి ఎక్కించేది పాలక్క. అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా లేదు. ఇరవై రెండేళ్లుగా ఇదే పని. కర్ర ముంచి పైకి తీస్తే చాలు, అది జారే తీరు చూసి పాలు చిక్కబడ్డాయో పలచబడ్డాయో చెప్పేస్తుంది. కన్నం నిండి పాలు అంచు దాకా పొంగి వచ్చాయంటే, బిడ్డకు కడుపు నిండినంత సంబరం ఆమెకు. నా చేతి కింద ఏ కన్నమూ ఆకలితో ఉండదు అని గొప్పలు చెప్పుకునేది. కూలీలు వెనక నవ్వుకునేవాళ్లు గానీ, ముందు మాత్రం అవునక్కా అవునక్కా అనేవాళ్లు. ఎందుకంటే అది నిజమే.

పని చెప్పేది ఇంజనీరు సారు. నలభై ఏళ్ల మనిషి, గొంతు పెంచడం ఎరగడు. కోపం వస్తే కళ్లజోడు తీసి తుడుచుకుంటాడంతే. ఆయన పెట్టిన కట్టుబాటు ఒకటుంది. ఒక్కో కన్నానికి రెండు బస్తాల సిమెంటు పాలు పడతాయి, మహా అయితే రెండున్నర. నాలుగు దాటిందంటే మారుమాట లేకుండా పంపు ఆపేసి ఆయనకు చెప్పాలి. లోపల ఏముందో చూసుకోకుండా పోయడానికి వీల్లేదు. పాలక్క కొత్తగా వచ్చినవాళ్లకు మొట్టమొదట నేర్పేది కూడా ఈ మాటే.

ఇక్కడే ఇంకో సంగతి చెప్పాలి. ఆ ఆరు ఇళ్లలో మూడోది పాలక్క చెల్లెలిది.

చెల్లెలు దర్జీ పని చేస్తుంది. మొగుడు దూరంగా ఓడల మీద పని, ఏడాదికోసారి వస్తాడు. ఇంట్లో ఉండేది ఆమె, కుట్టుమిషను, ఎదురుగా గోడ. పెరటి తలుపు తీస్తే మొహం మీదికి వచ్చేది ఆ గోడే. సరిగ్గా ఎదురుగా, మోకాలెత్తున గోడలో ఒక పాత తూముంది. అందులోంచి ఏడాది పొడవునా బొట్టు బొట్టుగా నీళ్లు కారుతూనే ఉంటాయి, వానాకాలంలో ధారే. ఆ చెమ్మకు మిషను సూదులు తుప్పు పట్టేవి, కుట్టడానికిచ్చిన బట్టల మీద బూజు మచ్చలు లేచేవి. ఇంట్లో అత్తగారు లేని లోటు ఈ గోడ తీర్చిందే అక్కా అని చెల్లెలు వాపోయేది. తూము కింద ఒక ఎర్ర బకెట్టు పెట్టి, నిండినప్పుడల్లా తిట్టుకుంటూ పారబోసేది. ఏడేళ్ల నుంచీ అదే బకెట్టు, అవే తిట్లు.

ఆ గోడ పని తన బృందానికే వచ్చిందని తెలిసినప్పుడు పాలక్కకు కాలు నేల మీద ఆగలేదు. ఊరందరి గోడలూ నిలబెట్టి చెల్లెలి గోడ దగ్గర మాట పడకూడదని గట్టిగా అనుకుంది. ఆ గట్టితనమే కొంప ముంచింది.

పంతొమ్మిదో కన్నం చెల్లెలి పెరట్లోకి ఎదురుగా, తూముకు ఇద్దరు మనుషుల ఎత్తు పైన. తొలిచేవాడు డ్రిల్లు మామ. ముప్ఫై ఏళ్ల డ్రిల్లు మోతకు ఆయన చెవులు ఎప్పుడో సెలవు పుచ్చుకున్నాయి, మాటలన్నీ చేతులతోనే. ఐదో మీటరు దగ్గర డ్రిల్లు కడ్డీ ఒక్కసారిగా ముందుకు తూలింది. మామ మిషను ఆపి, పాలక్క వైపు తిరిగి, పిడికిలి బిగించి వేళ్లు విప్పి చూపించాడు. లోపల బోలుగా ఉంది అని దానర్థం. పాలక్క తల ఊపింది. చూడలేదు, అర్థం కాలేదు అనడానికి ఆ తర్వాత ఆమెకు వీలే లేదు.

రెండు బస్తాలు పోశారు. పొంగలేదు. మూడు. నాలుగు. పంపు మీద పాలక్క చెయ్యి ఒక్క క్షణం ఆగింది. సారు రోడ్డు అవతల కొలతల్లో ఉన్నాడు. చెబితే రెండు రోజులు పని ఆపి, ఆలోచించి, కెమెరా తెప్పించి చూస్తాడు. గురువారం నుంచి గట్టి వానలని రేడియో మొత్తుకుంటోంది. ఈ రెండు రోజులూ చెల్లెలి ఇంటి వెనక అంత బోలు అలా నోరు తెరుచుకుని ఉండాలా అనుకుంది. పొయ్యండి అంది. ఐదు, ఆరు, ఏడు. కూలీలు మొహమొహాలు చూసుకున్నారు. తొమ్మిదో బస్తాకు పాలు అంచుకు వచ్చి నిలిచాయి. ఖాళీ సంచుల్లో ఆరింటిని ఆమె తన చేత్తోనే తీసి పక్క కన్నాల సంచుల్లో కలిపేసింది.

సాయంత్రం సారు పుస్తకం పట్టుకుని వచ్చి పంతొమ్మిదికి ఎన్ని అని అడిగాడు. రెండున్నర అంది. ఆయన రాసుకున్నాడు. పాలక్క అంటే రెండోసారి అడగాల్సిన పని లేదని ఆయన నమ్మకం.

మర్నాడు పొద్దున్నే చెల్లెలు సందులోకి పరుగెత్తుకొచ్చి పాలక్క చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది. తూము కింద ఎర్ర బకెట్టు పొడిగా ఉంది. తూము అంచున బొట్టు లేదు. చెల్లెలు గోడకు అరచేయి ఆనించి అక్క బుగ్గ మీద పెట్టింది. చూడు, తడి ఉందా? ఇరుగుపొరుగు అందరూ చేరారు. నాలుగో ఇంటి గుమాస్తా గారు కూడా వచ్చాడు. ఆ కారుడు గురించి ఏడేళ్లలో నలభై అర్జీలు పెట్టిన మనిషి, ఇక రాయడానికి ఏమీ లేదే అని కాస్త దిగులు పడ్డట్టే కనిపించాడు. చెల్లెలు మాత్రం వచ్చినవాళ్లకూ పోయినవాళ్లకూ ఒకటే మాట.

"మా అక్క ఆపింది. ఏడేళ్ల నుంచి ఎవరి వల్లా కానిది, మా అక్క ఒక్క రోజులో ఆపింది."

పాలక్క నవ్వింది, కానీ ఆ నవ్వు పెదాల దగ్గరే ఆగిపోయింది. జనం పలచబడ్డాక వంగి తూములోకి చూసింది. లోపల, జానెడు లోతున, బూడిద రంగు చార ఒకటి రాతికి అంటుకుని ఉంది. జడపిన్ను తీసి గీకింది. పిన్ను వంగింది గానీ చార రాలలేదు. అది తన సిమెంటు పాలే. ఆ రంగు ఆమెకు తన చేతుల రంగు తెలిసినంత బాగా తెలుసు.

సంగతేమిటో అక్కడే, వంగిన మనిషి వంగినట్టే, ఆమెకు అర్థమైపోయింది. నలభై ఏళ్ల కింద గోడ కట్టినవాళ్లు తెలివైనవాళ్లు. గోడ వెనక రాళ్లు వదులుగా పేర్చి, మట్టిలో ఊరిన నీళ్లు వాటి సందుల్లోంచి దిగి తూము దాకా వచ్చే దారి పెట్టారు. మామ చూపించిన బోలు అదే. నిన్న పాలక్క తొమ్మిది బస్తాలు పోసి మూసింది ఆ దారినే. నీళ్లు ఎండిపోలేదు. గోడ వెనకే నిలబడి, గోడను నెడుతున్నాయి. మేకులు ఇంకా సగం కూడా పడలేదు. రేపు పైనుంచి వాన.

అప్పుడే సారు కూడా వచ్చి, పొడి గోడ చూసి, బాగుందే అని పుస్తకంలో ఏదో రాసుకుని సైటు షెడ్డు వైపు వెళ్లాడు. ఆయనకు తెలియదు. మామకు తెలిసినా, అడిగితే తప్ప చెప్పే మనిషి కాదు. నోరు మూసుకుంటే తనను వేలెత్తి చూపేవాళ్లు లేరు. ఆ ఆలోచన వచ్చినందుకే పాలక్కకు తన మీద అసహ్యం వేసింది. వంగిన పిన్నును పళ్లతో సరిచేసి జడలో పెట్టుకుని, సారు వెనకే షెడ్డులోకి నడిచింది. నీళ్లు నమలకూడదని దారిలోనే అనుకుంది.

"సార్, పంతొమ్మిదోది రెండున్నర కాదు. తొమ్మిది తాగింది."

సారు తల ఎత్తాడు.

"నాలుగు దగ్గర ఆపాలని నీకు తెలియదా?"

"తెలుసు. తెలిసే పోశాను. మామ బోలుందని చూపించాడు, అదీ చూశాను. తూములో నా పాలు గడ్డకట్టి ఉన్నాయి. గోడ వెనక నీటిదారి మూసుకుపోయింది. నేనే మూశాను."

ఆయన కళ్లజోడు తీశాడు. తుడుస్తూనే ఉన్నాడు. నువ్వు చెప్పిన అంకెను నేనెప్పుడూ రెండోసారి అడగలేదు అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేదని పాలక్కకు అనిపించింది. ఏడుపు వచ్చింది గానీ, ఏడవడానికి ఇది సమయం కాదని మింగేసింది. ఇప్పుడేం చేద్దాం సార్ అని అడిగింది.

చేయాల్సింది ఒక్కటే. పాత దారి పోయింది కాబట్టి, వాన ముదిరే లోపల నీటికి కొత్త దారి తొలవాలి. మేకుల కన్నం కిందికి వాలుతుంది, పాలు లోపలే నిలవాలి గనక. నీటి కన్నం లోపలికి పోను పోను పైకి లేవాలి, నీళ్లు బయటికి రావాలి గనక. పన్నెండు మీటర్ల లోతు. అందులో ఒళ్లంతా సన్నటి చీలికలున్న ప్లాస్టిక్ గొట్టం, దానికి వడపోత గుడ్డ. గుడ్డ లేకపోతే మట్టి వచ్చి చీలికల్ని పూడుస్తుంది. సారు ఆఫీసుకు ఫోను చేసి జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఎవరి వల్ల అని అవతల అడిగారు కాబోలు, నా సైటులో నా వల్లే అన్నాడు. పాలక్క ఆ మాట ఈ జన్మలో మరిచిపోదు.

చెల్లెలికి తనే చెప్పాలని వెళ్లింది. చెల్లెలు పెట్టె అడుగున ఏడేళ్లుగా దాచిన పట్టుబట్టలు తీసి, పెరటి తీగ మీద గోడకు ఎదురుగా ఆరేస్తోంది, మొదటిసారి. పాలక్క అంతా చెప్పింది. మళ్లీ తడి తెప్పించబోతున్నామని కూడా చెప్పింది.

"ఏడేళ్ల తర్వాత ఒక్క రోజు పొడిగా ఉంది. ఆ ఒక్కరోజు కూడా నాకు ఉండనివ్వవా?" అంది చెల్లెలు.

"ఈ పొడి మంచిది కాదే. ఇది నిన్ను చంపుతుంది."

"నువ్వు ఆపావని ఊరంతా చెప్పాను. ఇప్పుడు ఏం మొహం పెట్టుకుని తిరగను?"

చెల్లెలు బట్టలు తీసి మళ్లీ పెట్టెలో కుక్కి, తలుపు వేసుకుంది. ముక్కు మీద కోపం చిన్నప్పటి నుంచీ ఉన్నదే గానీ, తలుపు వేసుకోవడం మాత్రం కొత్త.

ఆ మధ్యాహ్నమే మొదటి నీటి కన్నం తొలిచారు, పాత తూముకు పక్కనే. పొడి మట్టీ, మధ్యమధ్య సిమెంటు పెచ్చులూ వచ్చాయి. పాలు అంతదూరం పాకాయన్నమాట. గొట్టానికి గుడ్డ చుట్టి బైండింగు తీగతో అక్కడక్కడా కట్టి లోపలికి తోశారు. సగం దారిలో గుడ్డ జారి ముద్దకట్టి గొట్టం ఇరుక్కుంది. లాగితే గొట్టం వచ్చింది, గుడ్డ రాలేదు. ఎలాగో ఇంకో గొట్టం దూర్చారు. చీకటి పడేదాకా కాచుకు కూర్చున్నా ఒక్క చుక్క రాలేదు. పాలక్క ఎర్ర బకెట్టు తెచ్చి దాని కింద పెట్టింది. బకెట్టు ఖాళీగానే ఉంది.

గురువారం పొద్దున గోడ దగ్గరికి మొదట వచ్చింది పాలక్కే. పగుళ్ల మీద అడ్డంగా సారు గాజు పట్టీలు అంటించి పెట్టాడు. గోడ ఏమాత్రం కదిలినా గాజు ముందు పగులుతుంది. బొజ్జ మీద ఉన్న మూడో పట్టీ నిలువునా రెండయింది. ఆకాశం అప్పటికే దించిన తెరలా కిందికి ఉంది. సారు గాజు చూసి, ఇంకో మాట లేకుండా ఆరు ఇళ్లూ ఖాళీ చేయించాడు. సందులో ముగ్గురికి మించి ఉండకూడదన్నాడు. తొలవడానికి మామ, గొట్టం దించడానికి తను, సాయానికి ఇంకొకరు. నేనుంటాను అంది పాలక్క. సారు ఆమెను ఒకసారి చూసి సరే అన్నాడు.

గుమాస్తా గారు తన నలభై అర్జీల నకళ్లు చంకన పెట్టుకుని బయల్దేరాడు. చెల్లెలు మిషను వదిలి రానంది. చివరికి నలుగురు పట్టి మిషనును సైటు షెడ్డులోకి చేర్చారు. అంతసేపూ ఆమె అక్క మొహం చూడలేదు.

రెండో కన్నం ఎక్కడ వేయాలన్నది ప్రశ్న. రోడ్డు పల్లం కుడివైపు ఉంది కాబట్టి కుడివైపు అని సారు అంటున్నాడు. తప్పితే మళ్లీ తొలవడానికి పొద్దు లేదు. పాలక్క గోడను చూస్తూ నిలబడింది. అప్పుడు ఆమె కళ్లకు ఇన్నాళ్లూ చూసీ చూడనట్టు వదిలేసినవి కనబడ్డాయి. చెల్లెలి తలుపుకు ఎడమవైపు, బట్టల తీగ కొక్కెం దగ్గర, రాతి మీద గీతలు, ఒకదాని పైన ఒకటి. ఆమె షెడ్డుకు పరుగెత్తింది.

"కొక్కెం దగ్గర గోడ మీద గీతలు గీసింది నువ్వేనా?"

చెల్లెలు మిషను మీద దుమ్ము తుడుస్తూనే ఉంది. తల ఎత్తకుండానే చెప్పింది.

"నేనే. ప్రతి వానాకాలం చెమ్మ ఎక్కడిదాకా ఎక్కిందో కత్తెర మొనతో గీసేదాన్ని. గుమాస్తా గారి అర్జీల కోసం."

"చెమ్మ ముందు వచ్చేది అక్కడా, తూము దగ్గరా?"

"వాన పడితే ముందు కొక్కెం దగ్గరే తడుస్తుంది. తూములో ధార పెరిగేది మర్నాటికి." అప్పుడు అక్క మొహం చూసింది. "ఎందుకు?"

నీళ్లు వచ్చేది ఎడమవైపు నుంచన్నమాట. అటునుంచి ఏటవాలుగా పాకి తూము చేరేవి. పాలక్క సారును గీతల దగ్గరికి తీసుకొచ్చి చూపించింది. ఆయన ఏడు గీతల్నీ వేలితో తడిమాడు. ఏడేళ్ల కొలతలు ఆఫీసు దగ్గర కూడా లేవు. కొక్కెం కిందే తొలుద్దాం అన్నాడు.

మామ మిషను తిప్పాడు. ఇటు షెడ్డు ముందు పాలక్క గొట్టానికి గుడ్డ చుట్టి తీగ బిగిస్తుంటే చెల్లెలు చూస్తూ కూర్చుంది. మనిషికి ఎంత కోపం ఉన్నా, కళ్ల ముందు చేతగాని పని జరుగుతుంటే చేతులు ఊరుకోవు. ఆమె లేచి వచ్చి గుడ్డ లాగేసుకుంది. ఇలా కడితే జారక ఏం చేస్తుందని తీగ ముక్కలు తీసి అవతల పారేసింది. టేపుతో గొట్టం చుట్టుకొలత తీసింది, రెండుసార్లు. గుడ్డను నిలువుగా కత్తిరించి, అంచు మడిచి, పన్నెండు మీటర్ల పొడవు గొట్టానికి ఒకే తొడుగు కుట్టడం మొదలుపెట్టింది. ఆ గుడ్డ మందానికి రెండు సూదులు విరిగాయి. మూడోది ఎక్కించి జంట కుట్టు వేసింది. కొలతకు బిగుతుగా ఉందని గానీ వదులైందని గానీ సణగని గిరాకీ ఆమెకు జీవితంలో ఇదొక్కటే అయ్యుంటుంది. తొడుగు గొట్టానికి చర్మంలా పట్టింది. చివర ముడి వేసి, పళ్లతో దారం తెంపి, తీసుకుపో అంది.

పాలక్క గొట్టం ఎత్తుకుని సందులోకి వచ్చేసరికి తుంపర మొదలైంది. మామ పదో మీటరులో ఉన్నాడు. గోడ దగ్గర నిలబడితే భయం వేసింది, నిజంగానే వేసింది. తల ఎత్తితే బొజ్జ సరిగ్గా నెత్తి మీదే ఉంది. కాలు వెనక్కి పోతానంటుంటే, నువ్వు మూసిన దారి నువ్వు తెరవకపోతే ఇంకెవరు తెరుస్తారని కాలిని గదమాయించి అక్కడే నిలబెట్టింది. పదకొండో మీటరు దగ్గర మామ చెయ్యి ఎత్తాడు. పిడికిలి కాదు. అరచేయి బోర్లించి అలలా ఆడించాడు. కడ్డీ తడిలో ఆడుతోంది, నీళ్లు తగిలాయి అని దానర్థం.

కడ్డీలు వెనక్కి లాగారు. సారు ముందు, పాలక్క వెనక, గొట్టం లోపలికి తోశారు. తొడుగు ఎక్కడా జారలేదు, ముద్దకట్టలేదు. చివరి మూర లోపలికి పోతుండగా గొట్టం పాలక్క చేతుల్లో ఒక్కసారి అదిరింది. ఆపైన ఎర్రటి బురద నీళ్లు ఎగదన్నుకుని వచ్చి ఆమె మొహం మీద, ఛాతీ మీద కొట్టాయి. ఆమె పక్కకు జరగలేదు. మామ నవ్వుతున్నాడు. సారు తడిసిన కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు, తుడవలేదు. నీళ్లు బురదగా, తర్వాత టీ రంగులో, ఓ గంటకు తేటగా వచ్చాయి. అప్పటికి వాన పూర్తిగా దిగింది. గొట్టం నోట్లోంచి మణికట్టంత ధార పడుతూనే ఉంది. మర్నాడు అతికించిన కొత్త గాజు పట్టీ పగలలేదు. ఆ మర్నాడూ పగలలేదు.

తప్పుకు శిక్ష ఉండాలి కదా, ఉంది. ఆ రోజు నుంచి బస్తాల లెక్క రాసేది ఇంకొకరు. పాలక్క ప్రతి సంచీ విప్పే ముందు అతనికి చూపించాలి. ఇరవై రెండేళ్లు ఇదే పని చేసిన మనిషికి అది చిన్నతనమే. రెండో రోజుకు అలవాటైంది. ఇరవై ఏడో కన్నం నాలుగో బస్తా తాగి పొంగకపోతే, రాసేవాడు నోరు తెరిచేలోపే ఆమె పంపు కట్టేసి, సార్, ఇక్కడికి రండి అని కేక పెట్టింది. కన్నం ఆకలితోనే ఉండిపోయింది, రెండు రోజులు. ఆమె దాన్ని చూస్తూ ఊరుకోవడం నేర్చుకుంది.

వానలు తెరిపి ఇచ్చాక, అరవై నాలుగూ పడి నట్లన్నీ బిగిశాక, జనం ఇళ్లకు తిరిగొచ్చారు. మర్నాడు పాలక్క సామాన్లు సర్దుకుంటూ సందులో ఉంది. గుమాస్తా గారు పెరటి తలుపు తీసి, కొక్కెం కింద పడుతున్న ధార చూసి, అర్జీకి మళ్లీ పని దొరికిన ఆనందంతో గొంతు సవరించుకున్నాడు.

"మళ్లీ నీళ్లా? పాతదాని కన్నా ఎక్కువ కారుతోంది. ఇక్కడ గొట్టం పెట్టిన మహానుభావులెవరు?"

చెల్లెలు ఎర్ర బకెట్టు తెచ్చి ధార కింద పెట్టింది. అది నిండేదాకా అక్కడే నిలబడి చూసింది. నిండిన బకెట్టు తీసి పక్కన పెట్టి, కొంగుకు చేతులు తుడుచుకుంది.

"మా అక్క," అంది.